పైన పటారం చూసి పడిపోవద్దు!

సాయంత్రం ఆరు దాటింది. పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలారు. కంపెనీ గేట్ల నుంచి బళ్లు బారులు తీరాయి. స్ప్లెండర్లు, ప్యాషన్లు, యాక్టివాలు... అన్నీ ఇస్నాపూర్ చౌరస్తా వైపే. ఆ గుంపులోంచి ఒక చప్పుడు మాత్రం వేరుగా వినిపిస్తుంది. కాస్త బొంగురుగా, కాస్త గంభీరంగా. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు తల తిప్పి చూస్తారు. పసుపుపచ్చ కరిజ్మా! ముందు సగం ముసుగేసుకున్నట్టు ఫెయిరింగ్, వెనక ఎత్తుగా సీటు. దానిమీద ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు. రెండు నెలల క్రితం దాకా అతనూ అందరిలాగే స్ప్లెండర్ మీదే వచ్చేవాడు.

ఊరు జోగిపేట దగ్గర. ఐటీఐలో ఫిట్టర్ చదివాడు. మందుల ముడిసరుకు తయారుచేసే ఓ కంపెనీలో మెయింటెనెన్స్ పని. ఇస్నాపూర్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి గది. నెలకోసారి ఊరికి పోయి అమ్మ చేతిలో డబ్బులు పెట్టి వస్తాడు. చిట్టీ పాడగా వచ్చిన డబ్బుతో అతను కొన్న మొదటి సరదా ఈ బండే.

‘‘గంత పాత బండికి అన్ని పైసలా బిడ్డా?’’ అని అమ్మ అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో అతనికి తెలియలేదు. ఆరేళ్లప్పుడు మంగలి షాపు గోడమీద చూసిన బొమ్మ గురించి చెప్పాలా? ఆ బొమ్మలో హృతిక్ రోషన్ పక్కన నిలబడి ఉన్న బండి గురించి చెప్పాలా?

ఆ బండి కథ

2003లో హీరో హోండా కరిజ్మాను విడుదల చేసింది. అప్పటికి మన రోడ్ల మీద వంద సీసీ బళ్లదే రాజ్యం. ‘లీటరుకు ఎంతిస్తుంది?’ అన్నదే బండి కొనేవాడి మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా. 1999లో వచ్చిన సీబీజెడ్, 2001లో వచ్చిన పల్సర్ ఆ లెక్కను కొంచెం కదిలించాయి. కరిజ్మా ఇంకో మెట్టు పైకెక్కింది. 223 సీసీ ఇంజిన్, దాదాపు 17 గుర్రాల శక్తి, 15 లీటర్ల ట్యాంకు. స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ అని గుర్తు చేసుకుంటే తేడా అర్థమవుతుంది. ఆ రోజుల్లో దాని ధర 80 వేలకు కాస్త అటూఇటూ. అంటే చాలామందికి అది కొనే బండి కాదు, చూసే బండి!

ప్రపంచంలో ఇలాంటి బళ్లకు ‘స్పోర్ట్ టూరింగ్’ అని పేరుంది. రేసు బండిలా పూర్తిగా వంగి పడుకోనక్కర్లేదు. బుల్లెట్‌లా నిటారుగా కూర్చుని గాలినంతా గుండెకు తగిలించుకోనూ అక్కర్లేదు. రెంటికీ మధ్యస్తం. వేగం ఉండాలి, వందల కిలోమీటర్లు పోయినా నడుము పట్టేయకూడదు. జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ 1976లో ఆర్100ఆర్ఎస్ అనే బండి తెచ్చింది. గాలి సొరంగంలో పరీక్షించి తయారుచేసిన నిండు ఫెయిరింగ్‌తో వచ్చిన ఆ బండినే ఈ కోవకు పెద్దన్నగా చెబుతారు. ఫెయిరింగ్ అందానికి పుట్టింది కాదు. ఎదురుగాలిని మనిషి మీద పడకుండా పక్కలకు తోసేయడానికి పుట్టింది.

మన దగ్గర ఆ స్థాయి పెద్ద బళ్లు సామాన్యుడికి అందేవి కావు. అందుకే కరిజ్మా, 2007లో వచ్చిన పల్సర్ 220, 2009లో ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో వచ్చిన కరిజ్మా జెడ్ఎంఆర్, 2011లో వచ్చిన హోండా సీబీఆర్ 250ఆర్... ఇవే మన కుర్రాళ్ల స్పోర్ట్ టూరర్లు అయ్యాయి. లడఖ్ పోయినవాళ్లు ఉన్నారు, కన్యాకుమారి చుట్టొచ్చినవాళ్లు ఉన్నారు. హీరో, హోండా విడిపోయాక పాత కరిజ్మా మెల్లగా కనుమరుగైంది. 2023 ఆగస్టులో అదే పేరుతో 210 సీసీ కరిజ్మా ఎక్స్ఎంఆర్ వచ్చింది. నీళ్లతో చల్లబడే ఇంజిన్‌తో అది పూర్తిగా కొత్త బండి. పాత కరిజ్మా మాత్రం ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. థర్డ్‌హ్యాండ్, ఫోర్త్‌హ్యాండ్ అన్నా తప్పులేదు!

చల్లటి ఇంజిన్, వేడి మాటలు

అమీన్‌పూర్ దగ్గర ఒక బండి ఉందని తెలిసింది. ఏపీ 23 నంబరు. ఉమ్మడి మెదక్ జిల్లా నాటి రిజిస్ట్రేషన్. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ 15 వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ 15 అయింది. నంబరు చూస్తేనే బండి వయసు తెలిసిపోతుంది. ఇది 2011 బండి. యజమాని చెప్పిన ధర 55 వేలు.

కుర్రాడు ఒక్కడే పోలేదు. పటాన్‌చెరులో తనకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుపోయాడు. అది అతను చేసిన మొదటి మంచిపని. ఎందుకంటే, బండి దగ్గరికి పోగానే అతని కళ్లు పసుపు రంగు మీద, మెరిసే స్టిక్కర్ల మీద, కొత్తగా తొడిగిన సైలెన్సర్ మీద పడ్డాయి. మెకానిక్ చెయ్యి మాత్రం నేరుగా ఇంజిన్ మీద పడింది.

‘‘ఇంజిన్ వేడిగుంది. మేం వచ్చేముందే స్టార్ట్ చేసిండ్రా?’’ అని అడిగాడు. యజమాని నవ్వేశాడు. ‘‘చల్లారినంక చూద్దాం’’ అని మెకానిక్ పక్కనున్న అరుగుమీద కూర్చున్నాడు. ముప్పావుగంట!

పాత బండి కొనేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. జబ్బున్న ఇంజిన్ పొద్దున్నే మొరాయిస్తుంది. ఒకసారి వేడెక్కాక మంచిపిల్లాడిలా నడుస్తుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. స్టార్ట్ కాగానే వెనక్కి పోయి పొగ చూడాలి. చలికాలం తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే భయంలేదు. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. అంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగినట్టే. నల్లటి పొగ వస్తే పెట్రోల్ ఎక్కువ మండుతోందని. ఇంజిన్ పక్కనుంచి గొలుసు గలగల వినిపిస్తే టైమింగ్ చెయిన్ సంగతి చూడాలి.

తర్వాత మీటర్. 32 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మీటర్ అబద్ధమాడొచ్చు, రబ్బరు ఆడదు. కాలు పెట్టే రబ్బర్లు నున్నగా అరిగి, బ్రేక్ పెడల్ అంచు మెరుస్తూ, హ్యాండిల్ గ్రిప్ గీతలు చెరిగిపోయి ఉంటే ఆ బండి 32 వేల దగ్గర ఆగలేదని లెక్క.

ఆ తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్ అటూఇటూ తిప్పాడు. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి ‘టక్’మని ఆగినట్టయితే కోన్‌సెట్ పోయినట్టు. ఫోర్క్ రాడ్ల మీద నూనె జిడ్డు కనిపిస్తే ఆయిల్ సీళ్లు పోయినట్టు. రెండూ ఉన్నాయి. చివరగా మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్కన అచ్చేసిన నాలుగు అంకెలు చదివాడు. 2316. అంటే 2016వ సంవత్సరం, 23వ వారంలో తయారైన టైరు. గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. చూపుకు బాగుంది. కానీ రబ్బరుకు వయసు మీద పడితే గట్టిపడిపోతుంది. తడిరోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. పక్కన సన్నటి పగుళ్లు కూడా కనిపించాయి.

‘‘తమ్మీ, టైర్లు, బ్రేకులు, ఫోర్క్ సీళ్లు, కోన్‌సెట్, చెయిన్ స్ప్రాకెట్... ఇవన్నీ నువ్వు మార్చాల్సిందే. పదిహేను వేలు పక్కన పెట్టుకో. ఇంజిన్ మాత్రం మంచిగనే ఉంది’’ అని చెవిలో చెప్పాడు మెకానిక్. బేరం 42 వేల దగ్గర తెగింది.

పదిహేను వేలకు రెండు దారులు

అసలు కథ ఇక్కడే మొదలైంది. బండి చేతికొచ్చింది. జేబులో పదిహేను వేలున్నాయి. మనసు మాత్రం రెండు ముక్కలైంది.

మొదటి ముక్క ఫోన్లో వీడియోలు చూస్తోంది. వెడల్పాటి వెనక టైరు, బయటికి గర్జించే సైలెన్సర్, కళ్లు జిగేలుమనిపించే తెల్లటి ఎల్ఈడీ దీపాలు, నల్లటి మ్యాట్ రంగు. రెండో ముక్కకు మెకానిక్ ఇచ్చిన చీటీ ఉంది. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, ఫోర్క్ సీళ్లు. వీటిలో ఒక్కటీ బయటికి కనబడేది కాదు. చీటీలో రాసినవన్నీ చేయించినా ఇస్నాపూర్ చౌరస్తాలో ఎవడూ తలతిప్పి చూడడు.

చీటీ పట్టుకుని మళ్లీ పటాన్‌చెరు పోయాడు. ‘‘అన్నా, ముందుగాల సైలెన్సర్ ఏద్దాం. బ్రేకులు వచ్చే నెల చూసుకుందాం’’ అన్నాడు.

మెకానిక్ చేతిలో పానా కింద పెట్టాడు. ‘‘పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాంక రోడ్డు మీద ఏముంటయి?’’

‘‘లారీలు.’’

‘‘లారీ ముంగట నీ సైలెన్సర్ ఆపుతదా, బ్రేకు ఆపుతదా?’’

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు వేశాక పది మీటర్లలో ఆగుతుందనుకుందాం. అదే బండి 80లో ఉంటే ఇరవై మీటర్లు కాదు, నలభై మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుంది. స్ప్లెండర్ మీద 60 దాటని చెయ్యి కరిజ్మా మీద తెలియకుండానే 90 తాకుతుంది. పైగా 2011 బళ్లకు ఏబీఎస్ లేదు. 125 సీసీ దాటిన బళ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. ఈ కరిజ్మాకు వెనక ఉన్నది డ్రమ్ బ్రేకు. ఆగే భారమంతా దాదాపు ముందు డిస్క్ మీదే. దాని గొట్టంలో ఉన్న ఆయిల్ ఎప్పుడు మార్చారో దేవుడికే తెలియాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చకపోతే, గట్టిగా బ్రేకులు వాడి వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై లివర్ మెత్తగా లోపలికి పోతుంది. బండి మాత్రం ఆగదు.

ఇంకో సంగతి కూడా మెకానిక్ చెప్పాడు. లోపలి జాలీలు తీసేసిన సైలెన్సర్ వేస్తే చప్పుడు పెరుగుతుంది, శక్తి పెరగదు. కార్బ్యురేటర్ సర్దుబాటు చేయకుండా అలా నడిపితే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతుంది. ఇంజిన్ వేడెక్కి వాల్వులు దెబ్బతింటాయి. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తనలో ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది కాబట్టి పాత కార్బ్యురేటర్ బళ్లకు మిశ్రమం ఇప్పటికే కాస్త పలచబడింది. దానికి తోడు ఈ సైలెన్సర్ కూడానా? ఆ పెట్రోల్‌కు పాత రబ్బరు పైపులు, వాషర్లు తొందరగా గట్టిపడి చీలతాయి. కాబట్టి పెట్రోల్ పైపు మార్చడం కూడా చీటీలోకి ఎక్కింది. దాని ఖరీదు ఒక పూట భోజనమంత. అది కారి వేడి ఇంజిన్ మీద పడితే మాత్రం ఖరీదు బండంత!

అమీన్‌పూర్ యజమాని తగిలించిన సైలెన్సర్‌ను విప్పించి, పుత్లీబౌలిలో వెతికి పాతదే అయినా కంపెనీ సైలెన్సర్ తెచ్చి బిగించారు. ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో వినిపిస్తున్న బొంగురు చప్పుడు దానిదే. 223 సీసీ ఇంజిన్‌కు సహజంగా ఉండే గొంతు అది. దానికి మైకు అక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

బండి మనదే కదా, మనిష్టం వచ్చినట్టు మార్చుకుంటే ఎవరికేం? చాలామంది ఇలాగే అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇంకోలా అంటోంది. ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకు తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి మరోసారి స్పష్టంచేసింది. అదే ఏడాది జరిగిన చట్ట సవరణ ప్రకారం, నిబంధనలకు విరుద్ధంగా చేసిన ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది.

చప్పుడుకూ లెక్కుంది. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్ తయారీలోనే 80 డెసిబెల్స్ మించకూడదన్నది నిబంధన. రంగు మార్చుకోవచ్చు. కానీ రవాణా శాఖకు చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి. ఇంకో మాట... బండికి ఏదైనా జరిగి బీమా కంపెనీ దగ్గరికి పోయినప్పుడు, సర్వేయర్ మొదట చూసేది ఇలాంటి మార్పులనే. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే క్లెయిమ్ గల్లంతు కావచ్చు.

మరి అసలు ఏం చేసుకోవచ్చు? బండి రూపురేఖలు మారకుండా, దూరప్రయాణానికి పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. ఈ కుర్రాడు చేసుకున్నవి అవే. ఇక్కడే పారిశ్రామికవాడ గొప్పతనం తెలిసింది.

తెలిసిన చేతులు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల లేని పనిముట్టు లేదు. లేత్ మిషన్ ఉంది, డ్రిల్లింగ్ ఉంది, ఆర్గాన్ వెల్డింగ్ ఉంది, పౌడర్ కోటింగ్ ఉంది. దగ్గర్లోనే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ, జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ పేరుతో మొదలై మహీంద్రా చేతికి వచ్చిన వాహనాల ప్లాంటు. ఐటీఐ చదివి ఇనుముతో మాట్లాడగల చేతులు ఈ రోడ్డు పొడవునా ఉన్నాయి.

కరిజ్మాకు పక్కసంచులు తగిలిస్తే వెనక చక్రంలోకి జారే ప్రమాదం ఉంది. అడ్డుగా కడ్డీలు కావాలి. గదిలో ఉండే స్నేహితుడు వెల్డర్. ఆదివారం మధ్యాహ్నం కొలతలు తీసుకుని, అరంగుళం గొట్టాన్ని వంచి, ఉన్న బోల్టు రంధ్రాలకే బిగిసేలా కడ్డీలు చేసిచ్చాడు. చాసిస్ మీద ఒక్క చుక్క వెల్డింగ్ కూడా పెట్టలేదు. చాసిస్‌కు వెల్డింగ్ వేడి తగిలితే అక్కడ ఉక్కు పెళుసుబారొచ్చని అతనికి తెలుసు. పౌడర్ కోటింగ్ చేసే ఇంకో మిత్రుడు దానికి నల్లరంగు వేసిచ్చాడు. కూలి అడిగితే ‘‘బీదర్ తీస్కపో, చాలు’’ అన్నాడు.

వెనక చక్రానికి వెడల్పాటి టైరు వేయాలన్న కోరిక కూడా మాట్లాడుకుంటేనే తగ్గింది. కరిజ్మా రిమ్‌కు కంపెనీ ఇచ్చింది 100/90-18 సైజు. అదే రిమ్ మీద మరీ వెడల్పు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోతాయి. టైరు గుండ్రనితనం మారిపోతుంది. మలుపులో ఆనాల్సిన భాగం ఆనదు. పైగా చెయిన్‌కు రాసుకుంటుంది. కాబట్టి కంపెనీ సైజుకే కొత్త టైర్లు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. పది కిలోమీటర్లు పోయాక చూస్తే వేడికి గాలి పెరిగి తప్పు లెక్క చూపిస్తుంది.

హెడ్‌లైట్‌కు ఎక్కువ వాట్ల బల్బు పెడదామంటే ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. పాత వైరింగ్‌కు అంత కరెంటు మోసే శక్తి లేదు. హోల్డర్ కరిగిపోతుంది. అద్దం శుభ్రం చేసి, తుప్పుపట్టిన ఎర్త్ వైరు గీకి బిగిస్తే ఉన్న బల్బే రెండింతలు వెలిగినట్టు కనిపించింది. ఫోన్ ఛార్జర్ ఒక్కటి కొత్తగా పెట్టాడు. దానికి వేరే ఫ్యూజు వేయడం మాత్రం మరిచిపోలేదు.

ఇంత చేసినా ఇంకా మూడువేలు మిగిలాయి. దాంతో ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్ కొన్నాడు. ‘బండికి ఇన్ని చేయించినవు, నీకేం చేయించుకున్నవ్?’ అన్న అమ్మ ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది.

పాత స్ప్లెండర్ పలకరింపు

బండి తయారైంది. దసరా సెలవుల్లో బీదర్ ప్రయాణం ఖాయం చేసుకున్నారు. అప్పుడొచ్చింది ఫోన్.

అవతల పోలీసు. ‘‘ఫలానా నంబరు స్ప్లెండర్ నీదేనా?’’

‘‘నాదే... కాదు సార్. అమ్మేసిన.’’

‘‘ఎవరికి?’’

ఎవరికి? రుద్రారం దగ్గర పనిచేసే ఒకతను. పేరు గుర్తుంది, ఇంటిపేరు తెలియదు. పద్దెనిమిది వేలు చేతిలో పెట్టి తీసుకుపోయాడు. ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చాడు. మిగతావి అతనే చూసుకుంటానన్నాడు. అతను చూసుకోలేదు. కొన్నాళ్లకే ఇంకెవరికో అమ్మేశాడు. ఆ ఇంకెవరో సదాశివపేట దగ్గర రోడ్డు దాటుతున్న ఓ పెద్దాయనను గుద్దాడు. తొడ ఎముక విరిగింది. బండికి బీమా ఎప్పుడో అయిపోయింది. కంప్యూటర్లో బండి యజమాని పేరు మాత్రం ఇంకా ఈ కుర్రాడిదే!

అంతకుముందు ఫోన్‌కు రెండు చలానాలు వచ్చాయి. ఒకదాని ఫొటోలో ముగ్గురు ఎక్కి పోతున్నారు. స్నేహితులకు చూపించి నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రాలేదు.

చట్టం చాలా తేటగా ఉంది. అమ్మినవాడు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. ఫారం 29, ఫారం 30 అందుకే. ఫైనాన్స్ ఉన్న బండయితే అది తీరిపోయిందని ఫారం 35 కూడా కావాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. ఒకతను కారు అమ్మేశాడు. అది చేతులు మారి మారి ఇంకొకరి దగ్గరికి చేరింది. ప్రమాదం జరిగింది, బీమా లేదు. కారు నా దగ్గర లేదు మొర్రో అని మొదటి యజమాని మొత్తుకున్నాడు. ప్రమాదం నాటికి రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో అతనే యజమాని, పరిహారం బాధ్యత అతనిదే అని కోర్టు తేల్చిచెప్పింది. దెబ్బతిన్నవాడు చేతులు మారిన బండి వెనక వరుసగా ఎంతమంది ఇళ్ల చుట్టూ తిరుగుతాడు? న్యాయం అటువైపు నుంచి చూస్తే సబబే అనిపిస్తుంది.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్‌పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఆ ఐదేళ్లు గడిచాక ఎంతమంది మళ్లీ కడుతున్నారు? స్ప్లెండర్‌కు బీమా ఉండి ఉంటే పెద్దాయనకు పరిహారం కంపెనీ ఇచ్చేది. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూఇటూ అయ్యే కాగితం లేకపోయేసరికి అది ఇప్పుడు లక్షల మాటయ్యేలా ఉంది.

కుర్రాడు మొదట వకీలు దగ్గరికి పోయాడు. తర్వాత మెకానిక్ సలహాతో సదాశివపేట ఆస్పత్రికి పోయాడు. కాలికి కట్టుతో పెద్దాయన మంచం మీద ఉన్నాడు. పక్కన ఆయన భార్య. ‘‘గుద్దింది నువ్వేనా బిడ్డా?’’ అని అడిగిందామె. కాదన్నాడు. బండి నాదేనన్నాడు. తర్వాత ఏం మాట్లాడాలో తోచక, బీదర్ ప్రయాణానికి దాచిన డబ్బులు ఆమె చేతిలో పెట్టి బయటికొచ్చాడు. కేసు నడుస్తోంది. ఎంత కట్టాలో, ఎవరు కట్టాలో కోర్టు చెప్పాలి.

మొదటి అలంకారం

మర్నాడు సెలవు పెట్టాడు. కరిజ్మా కాగితాలు ముందేసుకున్నాడు. అప్పుడు వెలిగింది... బండి కొని రెండు నెలలైంది, ఆర్సీ మీద ఇంకా అమీన్‌పూర్ ఆయన పేరే! అంటే స్ప్లెండర్ విషయంలో తనకు ఎవరో చేసిన పనే, తాను ఆయనకు చేస్తున్నాడు. టైర్లు మార్చాడు, కడ్డీలు చేయించాడు, వైర్లు సరిచేశాడు. పేరు ఒక్కటి మార్చలేదు.

ఫోన్ చేస్తే ఆయన మొదట విసుక్కున్నాడు. ‘సంతకాలు పెట్టిచ్చిన కదా’ అన్నాడు. స్ప్లెండర్ సంగతి చెప్పాక ఆయనే ‘ఎప్పుడు రమ్మంటవ్ తమ్మీ?’ అని అడిగాడు. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకున్నారు. పాత చలానాలు రెండుంటే కట్టారు. కాలుష్య పరీక్ష చేయించారు, బీమా కొత్తగా చేయించారు. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చుకున్నారు. నిజానికి ఈ పని కొనేముందే చేయాలి. బండికి 2026లో పదిహేనేళ్లు నిండుతాయి కాబట్టి ఆర్సీ రెన్యువల్ చేయించాల్సిన సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఇద్దరూ కలిసి సంగారెడ్డి రవాణా కార్యాలయానికి పోయారు. బయటికొచ్చాక పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఇద్దరూ టీ తాగారు. డబ్బులు అమ్మినాయనే ఇచ్చాడు.

బీదర్ ప్రయాణం సంక్రాంతికి వాయిదా పడింది. పడితే పడింది గానీ పోయారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా బయల్దేరదామని వెల్డర్ మిత్రుడు తొందరపెట్టాడు. కుర్రాడు వినలేదు. నిద్రలేని కళ్లకు ఏ బ్రేకూ పనిచేయదు. ఒకరోజు పూర్తిగా నిద్రపోయి, తెల్లారాక కదిలారు. ముత్తంగి దగ్గర తలపైన ఔటర్ రింగ్ రోడ్డు నున్నగా, ఖాళీగా ఊరించింది. టూవీలర్లకు దానిమీద అనుమతి లేదు. వీళ్లకు పాత ముంబై హైవేనే దారి. కంది, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్. అక్కడి నుంచి కుడివైపు తిరిగితే బీదర్. పటాన్‌చెరు నుంచి వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఫెయిరింగ్ చలిగాలిని పక్కలకు తోసేసింది. కడ్డీల మీద సంచులు కదల్లేదు. కోట గోడ నీడలో బండి నిలిపి ఫొటో తీసుకున్నారు.

సదాశివపేట వచ్చినప్పుడు మాత్రం వేగం తనంతట తానే నలభైకి తగ్గింది. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ.

ఆ ఫొటోను అమ్మకు చూపించాడు. ఆమె బండిని, హెల్మెట్‌ను, కొడుకును వరుసగా చూసింది. ‘‘ఇప్పుడు బండి నీ పేరు మీదుందా?’’ అని అడిగింది. ఉందన్నాడు.

మీరూ పాత బండి కొన్నారా? అమ్మారా? స్టిక్కర్ల దుకాణానికి పోయే ముందు ఒకసారి ఆర్సీ తీసి చూడండి. ఆ కార్డు మీద ఉన్నది ఎవరి పేరు?